మార్చి రాత్రి డోనర్ కనుమ దాటడం ఎలా

కాలిఫోర్నియా బే ఏరియాలోని తెలుగు ఇళ్లలో ఏటా మార్చిలో ఒక మాట వినిపిస్తుంది: "చలికాలం అయిపోయింది కదా, ఈ శని, ఆదివారాలు తాహో వెళ్లివద్దాం." శాన్ హోసేలో అప్పటికే చెట్లు పూసి ఉంటాయి. స్వెట్టర్లు అటక ఎక్కుతుంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు తిరుగు ప్రయాణం కట్టేలోగా వాళ్లకు ఒక్కసారైనా మంచు చూపించాలన్న తొందర ఒకటి. శుక్రవారం ఆఫీసు ముగించుకుని ఐదింటికి బయలుదేరతారు. సియెర్రా కొండల్లోని తాహో సరస్సుకు దారి సుమారు 200 మైళ్లు. సాక్రమెంటో దాటే వరకూ రద్దీ వదలదు. మధ్యలో భోజనానికి ఆగి, ఐ-80 హైవే మీద డోనర్ కనుమ ఎక్కేసరికి రాత్రి పది అవుతుంది. ఆ రోడ్డు మీద ఉండకూడని వేళకు సరిగ్గా అక్కడ ఉంటారన్న మాట.

పదిహేనేళ్లుగా ఆ కనుమ ఎక్కి దిగుతున్నాను. తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని, చేయకుండా తప్పించుకున్నవి కొన్ని. వరసగా చెబుతాను.

మొదట గడియారం చూడండి

మన భాషలో పొగమంచుకూ, గడ్డి మీది బిందువుకూ, ఆకాశం నుంచి రాలే దూదికీ, రోడ్డు మీద గడ్డకట్టిన పొరకూ అన్నిటికీ "మంచు" ఒక్కటే మాట. ఈ ప్రయాణంలో మాత్రం వాటిని విడదీసి చూడాలి. రాలే మంచు కంటికి కనబడుతుంది, దానికి అందరూ భయపడతారు, నెమ్మదిగా నడుపుతారు. మార్చిలో మనిషిని ముంచేది ఆ చివరిది, ఐసు.

జనవరిలో ఆ కొండ మీద చాలా రోజులు పగలూ రాత్రీ గడ్డకట్టే చలే. మార్చిలో పగటి ఎండకు రోడ్డు పక్కన యంత్రాలు తోసిపెట్టిన మంచు గట్లు కరుగుతాయి. మలుపుల దగ్గర రోడ్డు ఒక వైపు ఎత్తుగా ఉంటుంది కాబట్టి, ఎత్తు వైపు గట్టు నుంచి కారిన నీరు అన్ని లేన్లనూ తడుపుతూ పల్లానికి పారుతుంది. పోతూ పోతూ చల్లిన ఉప్పును కూడా పలచన చేస్తుంది. సూర్యుడు కొండ చాటుకు వెళ్లాక ఒకటి రెండు గంటల్లో ఆ తడి గాజు పొరలా గడ్డకడుతుంది. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. పేరులో నలుపు ఉంది గానీ దానికి రంగు లేదు. మీకు కనిపించేది దాని కింద ఉన్న తారు.

బాగా చలిగా, సున్నాకు పదిహేను డిగ్రీల సెల్సియస్ దిగువన ఉన్న ఐసు మీద టైరుకు కాస్తయినా పట్టు దొరుకుతుంది. సున్నాకు దగ్గరలో ఉన్న ఐసు పైన సన్నని నీటి పొర ఉంటుంది, అందుకే అది అన్నిటికంటే ఎక్కువ జారుతుంది. వసంతం మొదట్లో రాత్రి ఐసు ఈ రకమే. "చలి తగ్గింది కాబట్టి ప్రమాదం తగ్గింది" అనుకోవడం తలకిందుల లెక్క.

ఇంకొకటి. మబ్బు లేని రాత్రి నేలలోని వేడి ఆకాశానికి పోతుంది. గాలి 36 డిగ్రీల ఫారెన్‌హైట్ ఉన్నా రోడ్డు 32కు దిగువకు జారిపోవచ్చు. కారు డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె గాలిది, రోడ్డుది కాదు. నక్షత్రాలు మెరుస్తూ ఆకాశం అందంగా ఉందంటే నాకు గుబులు. 38 కనిపించినప్పటి నుంచే ఐసు ఉన్నట్టు లెక్కవేసి నడుపుతాను.

కాబట్టి మొదటి పని ప్రయాణపు వేళ మార్చడం. మార్చి మూడో వారంలో అక్కడ సూర్యుడు రాత్రి ఏడుంబావు ప్రాంతంలో అస్తమిస్తాడు. ఆరింటికల్లా శిఖరం దాటగలిగితే వెళ్లండి. లేదంటే శుక్రవారం రాత్రి కొండ కింద ఆబర్న్‌లోనో రాక్లిన్‌లోనో పడుకుని, శనివారం ఎండ రోడ్డు మీద పడ్డాక, తొమ్మిదిన్నర పదింటికి కొండ ఎక్కండి. ఒక రాత్రి హోటలు ఖర్చు కంటే టో ట్రక్కు ఖర్చు ఎక్కువ. మా ఇంట్లో ఈ నియమం పెట్టాక తాహో ప్రయాణాల్లో గొడవలు కూడా తగ్గాయి, అది వేరే సంగతి.

అయినా ఒక్కోసారి తప్పదు. కనుమ అవతలి రీనోలో తెల్లవారుజాము విమానం ఉంటుంది. దారిలో ఎక్కడో ప్రమాదం జరిగి ట్రాఫిక్కు మూడు గంటలు ఆగిపోతుంది, మధ్యాహ్నం బయలుదేరినవాళ్లు కూడా రాత్రికి చిక్కుతారు. ఇక్కడి నుంచి చెప్పేది అలాంటి రాత్రి కోసం.

బయలుదేరే ముందు చూడవలసిన మూడు

"స్నో లెవెల్" అన్న అంకె చూడండి. జాతీయ వాతావరణ సేవ సూచనల్లో ఉంటుంది. ఎన్ని అడుగుల ఎత్తు నుంచి వాన మంచుగా మారుతుందో అది చెబుతుంది. ఈ దారి ఎత్తులు గుర్తుంటే చాలు: ఆబర్న్ సుమారు 1,200 అడుగులు, కోల్‌ఫాక్స్ 2,400, ఐ-80 శిఖరం 7,239, అవతల దిగాక ట్రక్కీ 5,800. స్నో లెవెల్ 6,000 అంటే పైన కొంత దూరమే మంచు. 3,000 అంటే కోల్‌ఫాక్స్ దాటిన కాసేపటికే మొదలవుతుంది, ఆపై ట్రక్కీ దాకా అదే పని.

క్విక్‌మ్యాప్ చూడండి. రాష్ట్ర రవాణా శాఖ క్యాల్‌ట్రాన్స్ నడిపే యాప్ ఇది. మంచులో పట్టు కోసం టైర్లకు తొడిగే చెయిన్లు ఎక్కడి నుంచి తప్పనిసరో, రోడ్డు ఎక్కడ మూసేశారో చెబుతుంది. కింగ్‌వేల్, సోడా స్ప్రింగ్స్, శిఖరం దగ్గరి కెమెరా బొమ్మలు కూడా అందులోనే ఉంటాయి. బొమ్మలో రోడ్డు నల్లగా, పొడిగా కనిపించిందా, తడిగా మెరుస్తోందా అన్నది చూడండి. సాయంత్రం ఆరింటికి మెరుస్తున్న రోడ్డు తొమ్మిదింటికి ఏమవుతుందో పైన చెప్పాను. సిగ్నల్ సరిగా లేనిచోట 800-427-7623కు ఫోను చేసి రోడ్డు నంబరు చెబితే రికార్డు చేసిన సమాచారం వినిపిస్తుంది.

"వింటర్ స్టార్మ్ వార్నింగ్" ఉందంటే ప్రయాణం మానుకోండి. ఇందులో బేరం లేదు. మార్చిలో తుఫాను రాదనుకోవద్దు. 2024 మార్చి మొదటి వారాంతంలో వచ్చిన మంచు తుఫానుకు ఐ-80ని కొండల్లో పూర్తిగా మూసేశారు, ఎంతోమంది రాత్రంతా కార్లలో గడిపారు. సోడా స్ప్రింగ్స్ దగ్గర బర్క్‌లీ విశ్వవిద్యాలయం నడిపే మంచు పరిశోధనశాల ఉంది, 1946 నాటిది. అక్కడ 2022-23 చలికాలంలో మొత్తం 754 అంగుళాల మంచు కురిసింది, అంటే 62 అడుగులకు పైగా. అందులో మార్చి వాటా తక్కువేమీ కాదు. కనుమకు పేరు వచ్చింది కూడా వేళ తప్పిన బాటసారుల వల్లే. 1846లో డోనర్ కుటుంబంతో కలిసి బళ్లు కట్టుకుని వచ్చిన 80 మందికి పైగా ఆలస్యంగా చేరి, ముందే పడ్డ మంచుకు చిక్కుకున్నారు. వారిలో సగానికి కాస్త తక్కువ మంది ప్రాణాలు కోల్పోయారు.

చెయిన్లు: కొనడం, నేర్చుకోవడం, తొడగడం

రోడ్డు పక్క బోర్డుల మీద ఆర్1, ఆర్2, ఆర్3 అని మూడు స్థాయిలు కనబడతాయి. ఆర్1 అంటే చెయిన్లు కావాలి, అయితే ఇంజను తిప్పే చక్రాలకు స్నో టైర్లు ఉన్న మామూలు కారును అలాగే పోనిస్తారు. ఆర్2 అంటే ఆ మినహాయింపు నాలుగు చక్రాలకూ స్నో టైర్లు ఉన్న ఆల్ వీల్ డ్రైవ్ బండికి మాత్రమే, మిగిలిన అందరూ తొడగాలి. ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. నిజానికి అంతదాకా వస్తే సాధారణంగా రోడ్డే మూసేస్తారు. మినహాయింపు ఉన్న బండి కూడా చెయిన్లు వెంట పెట్టుకోవాలి. చెక్‌పోస్టు దగ్గర అడిగితే చూపించాలి.

స్నో టైరు అంటే టైరు పక్క గోడ మీద "ఎం ప్లస్ ఎస్" అక్షరాలో, కొండ మీద మంచు రేకు గుర్తో ఉండాలి. గాడి లోతు కనీసం అంగుళంలో 32వ వంతులు ఆరు ఉండాలి, అంటే దాదాపు ఐదు మిల్లీమీటర్లు. బే ఏరియాలో నాలుగేళ్లు తిరిగిన టైర్లకు అక్షరాలు ఉంటాయి, గాడి ఉండదు.

ఆల్ వీల్ డ్రైవ్ గురించి ఒక మాట. అది కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకే, ఐసు మీద అందరూ ఒకేలా జారతారు. గుంటలో ముక్కు దించి కనిపించే బండ్లలో నేను ఎక్కువగా చూసినవి పెద్ద ఎస్‌యూవీలే. చిన్న కారువాడు భయంతో మెల్లగా పోతుంటాడు, పెద్ద బండివాడు ధైర్యంగా దాటేసి రెండు మైళ్ల తర్వాత దొరుకుతాడు.

చెయిన్లను ఊళ్లోనే కొనండి. కొండ కింద కొంటే ధర ఎక్కువ, సైజు దొరకకపోవచ్చు. టైరు పక్క గోడ మీద 225/65 ఆర్17 లాంటి అంకెలు ఉంటాయి, వాటి ప్రకారం తీసుకోండి. కారుతో వచ్చిన పుస్తకంలో చెయిన్ల పేజీ తప్పకుండా చదవండి. కొన్ని కార్లలో చక్రానికీ పైభాగానికీ మధ్య ఖాళీ తక్కువ, వాటికి సన్నని కేబుల్ రకమే సరిపోతుంది. అద్దె కారు అయితే ఒప్పందం చూడండి. చెయిన్లు తొడగకూడదని రాసుకునే కంపెనీలు చాలా ఉన్నాయి, అలాంటి కారుతో చెయిన్లు కావలసిన రోజు కొండ ఎక్కడమే కుదరదు.

తర్వాత, ఇంటి ముందు పగటి వెలుగులో రెండుసార్లు తొడిగి తీయండి. ఇది దాటవేయకండి. మొదటిసారి నేను పెట్టె విప్పింది కోల్‌ఫాక్స్ దాటాక, చీకట్లో, పడుతున్న మంచులో. ముప్పావు గంట కుస్తీ పట్టి గర్వంగా లేచాక, పక్కన తొడుగుతున్న ముసలాయన వచ్చి, మీది ముందు చక్రాలతో నడిచే బండి కదా, వెనక చక్రాలకు తొడిగారెందుకు అని అడిగాడు. ఇంజను ఏ చక్రాలను తిప్పుతుందో వాటికే తొడగాలి. ఆల్ వీల్ డ్రైవ్ అయితే ఏ జతకో కారు పుస్తకంలో ఉంటుంది.

తొడిగే వరస ఇది. చెయిన్‌ను ముందు నేల మీద పరిచి చిక్కులు తీయండి. కొక్కేల కొనలు టైరు వైపు కాకుండా బయటికి చూడాలి. చక్రం పైనుంచి శాలువా కప్పినట్టు వేసి, రెండు వైపులా సమంగా లాగండి. లోపలి వైపు కొక్కెం ముందు, బయటి వైపు కొక్కెం తర్వాత. నేలకు ఆనిన భాగం మిగిలిపోతుంది, కారును ఒక అడుగు ముందుకు కదిపి దాన్ని కూడా అందించండి. బిగించే రబ్బరు ఉంటే వేయండి. వంద గజాలు మెల్లగా నడిపి, ఆగి, మళ్లీ బిగించండి. ఈ చివరి పని చేయనివాళ్లవే తెగిపోయి టప టపా కొట్టుకుంటాయి.

కొండ మీద తొడిగేటప్పుడు రోడ్డుకు కుడి పక్క, లేన్లకు పూర్తిగా బయట, అందుకోసం కేటాయించిన చోటే ఆగండి. నాలుగు లైట్లూ మినుకుమనేలా పెట్టండి. పిల్లలు, పెద్దవాళ్లు బెల్టులతో లోపలే కూర్చోవాలి. కాళ్లు ట్రాఫిక్కు వైపు చాపి పడుకోవద్దు. మీరు ఆగింది జారే చోటు, వెనక వచ్చేవాళ్లు కూడా జారవచ్చు. తలకు కట్టుకునే లైటు, రబ్బరు చేతి తొడుగులు, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత యోగా చాప, ఈ మూడూ లేకుండా ఆ పని నరకం.

చేతకాకపోతే సిగ్గుపడనక్కరలేదు. చెయిన్లు తొడిగిపెట్టి డబ్బు తీసుకునేవాళ్లు అక్కడ ఉంటారు. వాళ్లు క్యాల్‌ట్రాన్స్ ఉద్యోగులు కారు, అనుమతి తీసుకున్న స్వతంత్రులు, ఒంటి మీద నంబరు ఉంటుంది. ధర ముందే అడగండి, నంబరు రాసుకోండి, రసీదు తీసుకోండి. చెయిన్లు మాత్రం మీవే ఉండాలి, వాళ్లు అమ్మరు.

తొడిగాక వేగం బోర్డు మీద రాసినంతే, 25 లేదా 30 మైళ్లు. చెయిన్ నియంత్రణ అయిపోయిందన్న బోర్డు దాటాక విప్పేయండి. పొడి రోడ్డు మీద చెయిన్లు తమనూ టైర్లనూ తినేస్తాయి.

కారులో మిగిలిన పనులు

అద్దం కడిగే నీరు మార్చండి. బే ఏరియాలో చాలామంది ఆ డబ్బాలో మామూలు నీళ్లో, ఎండాకాలపు ద్రవమో పోస్తారు. ముందు లారీ చిమ్మిన బురద మంచు మీద నేను దాన్ని కొట్టినప్పుడు ఆ నీళ్లు అద్దం మీదే గడ్డకట్టాయి. కిటికీలోంచి తల బయట పెట్టి అర మైలు నడిపాను. సున్నాకు 20 ఫారెన్‌హైట్ డిగ్రీల దిగువకు కూడా గడ్డకట్టని రకం నాలుగైదు డాలర్లకు దొరుకుతుంది. పాత నీళ్లు పూర్తిగా వాడేశాకే పోయండి.

టైర్లలో గాలి ప్రతి పది ఫారెన్‌హైట్ డిగ్రీల చలికి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. ఫ్రీమాంట్‌లో 65 ఉన్నప్పుడు చూసుకున్న గాలి, చలి 25కు దిగితే ఆ చలి వల్లే నాలుగు పీఎస్ఐ తగ్గుతుంది. కొత్త వైపర్లు వేయించండి. ఆబర్న్‌లో పెట్రోలు నింపుకోండి, ట్యాంకు సగం కంటే తగ్గనివ్వకండి. పైన రోడ్డు ఆపేస్తే గంటల తరబడి హీటరు నడిచేది దానితోనే.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు లెక్క మరికాస్త గట్టిగా ఉండాలి. ఏడు వేల అడుగులు ఎక్కడం, చలి, హీటరు, ఈ మూడూ కలిసి బ్యాటరీని మామూలు కంటే చాలా వేగంగా దించుతాయి. తెర మీద "చేరేసరికి 20 శాతం" అని చూపిస్తే నేను నమ్మను. కొండ మొదలయ్యే ముందే రాక్లిన్ ప్రాంతంలో నిండా చార్జి చేసి ఎక్కుతాను. ఇంకొకటి, కాలు తీయగానే కారును పట్టి ఆపే ఆ రీజెనరేటివ్ బ్రేకింగ్ ఐసు మీద ఎదురు తిరుగుతుంది. చటుక్కున కాలు తీస్తే చక్రం జారవచ్చు. తగ్గించే ఏర్పాటు ఉంటే తగ్గించండి, లేకపోతే పాదాన్ని చంటిపిల్ల నుంచి చెయ్యి తీసినంత మెల్లగా తీయండి.

సామాను

డిక్కీలో అందరికీ దుప్పట్లు, చిన్న పార, ఐసు గీకే పరికరం, టార్చి, ఫోను చార్జరు. ముందు సీటు దగ్గర నీళ్లు, తిండి. ఈ విషయంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. పులిహోర, చపాతీలు, జంతికలు ఉన్న కారులో ట్రాఫిక్కు ఆగినా ఆకలి లేదు, పక్క కారువాళ్లకు కూడా పెట్టవచ్చు. మరిచిపోయేది మాత్రలు. అమ్మానాన్నల బీపీ, షుగరు మాత్రలు డిక్కీలోని పెట్టె అడుగున కాకుండా చేతి సంచీలో ఉండాలి. అమ్మ చీర మీద చెప్పులు వేసుకుని బయలుదేరితే ఇంట్లోనే ఆపి ఊలు మేజోళ్లు, బూట్లు తొడిగించండి. "కారులోనే కదా" అంటారు. కారు ఎక్కడ ఆగుతుందో ఆవిడకూ తెలియదు, మనకూ తెలియదు. ఎక్కే ముందు గోల్డ్ రన్ విశ్రాంతి స్థలంలో అందరూ బాత్రూముకు వెళ్లిరండి.

ఇక రోడ్డు మీద

మంచు పడుతున్నప్పుడు హై బీమ్ వేయకండి. వెలుగు ప్రతి రేకు మీదా తగిలి కంట్లోకే తిరిగి వస్తుంది, తెల్ల తెర కట్టినట్టు ఉంటుంది. లో బీమ్, ఉంటే ఫాగ్ లైట్లు చాలు. కొత్త కార్ల ఎల్ఈడీ లైట్ల గాజు వేడెక్కదు, మంచు పేరుకుని వెలుగు సగమైపోతుంది. ఆగిన ప్రతిసారీ లైట్లను, వెనక ఎర్ర లైట్లను, కెమెరా కళ్లను తుడవండి. క్రూజ్ కంట్రోల్, దానంతట అదే నడిచే సదుపాయాలు అన్నీ ఆపేయండి. చక్రం జారిన సంగతి పాదానికీ చేతికీ ముందు తెలియాలి.

ఐసు ఎక్కడుందో పసిగట్టడం ఇలా. ముందు కారు టైర్ల వెనక నీటి తుంపర చూస్తూ ఉండండి. రోడ్డు తడిగా మెరుస్తోంది, తుంపర మాత్రం లేవడం లేదు అంటే అది నీరు కాదు, గడ్డకట్టింది. టైర్ల చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయినా, స్టీరింగు అకస్మాత్తుగా తేలికైపోయినా అదే అర్థం. వంతెనలు నేల కంటే ముందే గడ్డకడతాయి, కింద నుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి. పైన్ చెట్ల నీడ పగలంతా పడ్డ మలుపులు, ఎత్తు వైపు గట్టు ఉన్న మలుపులు, ఇవి తర్వాతి స్థానం. ఎమిగ్రెంట్ గ్యాప్ నుంచి శిఖరం వరకూ ఇలాంటివి చాలా వస్తాయి.

ముందు బండికీ మీకూ మధ్య ఎనిమిది నుంచి పది సెకన్లు ఉంచండి. ముందు కారు దాటిన స్తంభాన్ని మీరు ఎప్పుడు చేరారో లెక్కపెట్టుకోండి. ఆ ఖాళీలో ఎవరో ఒకరు దూరతారు, దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి. లేన్ మారడం తగ్గించండి, రెండు లేన్ల మధ్య బురద మంచు చిన్న గట్టులా పేరుకుని చక్రాన్ని లాగేస్తుంది. మంచు తోసే బండి కనబడితే దాని వెనకే పొండి. అది పోయిన దారే ఆ రాత్రికి దొరికే మంచి రోడ్డు, దాన్ని దాటి వెళ్లి ఎవరూ బావుకున్నది లేదు.

శిఖరం దాటాక డోనర్ సరస్సు వైపు దిగుడు ఉంది. అసలు పరీక్ష అదే. తిరుమల ఘాట్లోనో శ్రీశైలం ఘాట్లోనో నడిపినవాళ్లకు సూత్రం తెలుసు: ఎక్కిన గేరులోనే దిగాలి. ఆటోమేటిక్ కారులో ఎల్ లేదా ఎం, హైబ్రిడ్‌లో బి. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించాలి. మలుపులో కాలు బ్రేకు మీద ఉండకూడదు.

జారడం రెండు రకాలు. స్టీరింగు తిప్పినా కారు తిన్నగా పోతోందంటే ముందు చక్రాలు జారుతున్నాయి. ఎక్సలరేటర్ వదిలి, స్టీరింగును ఇంకా తిప్పకుండా కాస్త వెనక్కి తెచ్చి, టైరు పట్టు దొరికే దాకా ఆగండి. మనసు ఒప్పుకోదు, అయినా అదే చేయాలి. వెనక భాగం పక్కకు తిరుగుతుంటే మీరు వెళ్లదలచిన వైపు చూడండి, చూసిన వైపే స్టీరింగు తిప్పండి. గుంట వైపు చూస్తే చేతులు గుంట వైపే తిప్పుతాయి. బ్రేకు నొక్కక తప్పనప్పుడు ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో గట్టిగా నొక్కి పట్టుకోండి. పెడల్ గరగరలాడుతుంది, అది దాని పని, భయపడి కాలు ఎత్తకండి.

జింకలు రోడ్డు దాటేది సాయంత్రాలు, రాత్రులే. రెండు మెరిసే కళ్లు కనబడితే వేగం తగ్గించండి, చటుక్కున పక్కకు తిప్పకండి.

ఫోను చెప్పే అడ్డదారి

ఐ-80 మూసేస్తే మ్యాప్ యాప్ ఏదో పక్క దారి చూపిస్తుంది. "40 నిమిషాలు ఆదా" అంటుంది. సియెర్రా అడవుల్లో అలాంటి దారులు చాలావరకు చలికాలంలో ఎవరూ మంచు తీయని మట్టి రోడ్లు. సిగ్నల్ ఉండదు, ఎదురు బండి రాదు. పెద్ద రోడ్డు మూసి ఉంటే జవాబు ఒక్కటే: వెనక్కి తిరిగి ఆబర్న్‌లో పడుకోవడం. దక్షిణాన 50వ హైవే ఉందిగా అంటారు. దాని ఎకో శిఖరం ఎత్తు 7,382 అడుగులు, డోనర్ కంటే ఎక్కువే. ఇక్కడ పడ్డ తుఫాను అక్కడ పడకుండా ఉండదు. మ్యాపును బయలుదేరే ముందే ఫోనులో దించుకోండి.

చిక్కుకుపోతే

కారు దిగి నడవకండి. నిలబడ్డ కారు వెతికేవాళ్లకు దొరుకుతుంది, చీకట్లో నడిచే మనిషి దొరకడు. బెల్టు తీయకుండా, లైట్లు మినుకుమనేలా పెట్టి 911కు చేయండి. రోడ్డు పక్క మైలు బోర్డు మీది అంకెలు, దాటిన చివరి ఎగ్జిట్ పేరు చెప్పండి. సిగ్నల్ లేకపోతే ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో ఉపగ్రహం ద్వారా సాయం అడిగే వీలుంది.

పెట్రోలు కారు అయితే ఇంజను వేసే ముందు ప్రతిసారీ పొగ గొట్టం చుట్టూ మంచు తీయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది. గంటకు పది నిమిషాల చొప్పున హీటరు వేసి ఆపేయండి, వేసినప్పుడు గాలి పడని వైపు కిటికీ వేలెడంత తెరవండి. ఎలక్ట్రిక్ కారుకు ఆ భయం లేదు. కారు లోపలంతా వేడి చేయకుండా సీట్ల వేడితో సరిపెట్టుకుంటే చాలా గంటలు వస్తుంది.

చేరాక, తిరిగి వచ్చేటప్పుడు

ట్రక్కీలో రాత్రి కారు ఆపాక వైపర్లు పైకి లేపి పెట్టండి, లేకపోతే పొద్దున అద్దానికి అతుక్కుంటాయి. పొద్దున అద్దం మీద వేడినీళ్లు పోయకండి, పగులుతుంది. తిరుగు ప్రయాణం ఆదివారం ఉదయం పదికీ మధ్యాహ్నం రెండుకూ మధ్య మొదలుపెట్టండి. అందరూ సాయంత్రం దాకా ఆడుకుని నాలుగింటికి కదులుతారు, ఆ వరస సూర్యాస్తమయం వేళకు కింగ్‌వేల్ దగ్గర నిలబడి ఉంటుంది.

ఇంటికి వచ్చాక చెయిన్లను బకెట్టు నీళ్లలో జాడించి ఆరబెట్టండి. ఉప్పు అలాగే ఉంటే తుప్పు పడతాయి. చిక్కులు తీసి, కొక్కేలు ఒకే వైపు ఉండేలా మడిచి సంచీలో పెట్టండి, సంచీ మీద ఏ కారువో, ఏ చక్రాలకో మార్కరుతో రాయండి. నా సంచీ మీద పెద్ద అక్షరాలతో "ముందు చక్రాలు" అని తెలుగులోనే ఉంది.